చెవి ఇచ్చిన సాక్ష్యం

పైడమ్మ ఎవరినీ నమ్మదు. అది పుట్టుకతో వచ్చిన గుణమో, చేసే పని అంటించిన జబ్బో చెప్పడం కష్టం. రాష్ట్రం దాటి అవతల ఉన్న బచేలీ బజారులో మందుల దుకాణం పక్క గదిలో చెవుల పరీక్ష చేయడం ఆవిడ ఉద్యోగం. కొండమీది ఇనుప గనుల్లో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళని ఏడాదికోసారి ఆ గదికి పంపుతారు. పన్నెండేళ్ళు వాళ్ళ చెవులు చూసి చూసి ఆవిడ తేల్చుకున్నదేమిటంటే, అక్కడికి వచ్చేవాళ్ళు రెండే రకాలు. చెవుడొచ్చినా వినిపిస్తోందని బొంకేవాళ్ళు ఒకరు, వినిపిస్తున్నా చెవుడని బొంకేవాళ్ళు ఇంకొకరు. డ్రిల్లింగ్ పనిలోంచి తీసేస్తారని మొదటివాళ్ళ భయం, నీడపట్టు పనికి మార్పించుకుందామని రెండోవాళ్ళ ఆశ. నిజం చెప్పేవాడు కూడా ఎప్పుడో ఒకడు వచ్చే ఉంటాడు గానీ, ఆవిడ వాణ్ణి గుర్తుపట్టి ఉండదు.

వాళ్ళని పట్టుకోవడానికి ఆవిడ దగ్గర కొన్ని ఎత్తులున్నాయి. శబ్దం ఏమీ పంపకుండా ఊరికే మీట నొక్కినట్టు నటిస్తుంది. చెవుడు దాచుకునేవాడు ఆ చేతినే చూస్తూ ఉంటాడు కనక టక్కున వేలెత్తుతాడు, దొరికిపోతాడు. చెవుడు నటించేవాడికి వెనకనుంచి స్టీలు గ్లాసు జారవిడుస్తుంది. మెడ తిరిగిందా, అయిపోయాడు. అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి. ఒకే శబ్దాన్ని సన్నగా మొదలెట్టి పెంచుతూ ఇప్పుడోసారి, అరగంట పోయాక మరోసారి వినిపిస్తుంది. నిజంగా చెవి పోయినవాడు రెండుసార్లూ ఒకేచోట వేలెత్తుతాడు. దొంగకి ఇందాక ఏం చెప్పాడో గుర్తుండదు. ఈ మూడో ఎత్తు ఇంతవరకూ తప్పలేదని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. అందరూ అబద్ధాలకోరులైన లోకంలో తనొక్కతే సత్యహరిశ్చంద్రుడి చెల్లెలు మరి!

అలాంటి మనిషికి సొంత ఇంట్లోనే మొగుడు పలకడం మానేశాడు.

గవర్రాజుది గని స్టోర్సులో పని. కౌంటరు వెనక కూర్చుని బోల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇవ్వడమే. డ్రిల్లుల హోరు, లారీల రొద ఆ దరిదాపులకి రావు. ఇద్దరిదీ బొబ్బిలి దగ్గర పక్కపక్క ఊళ్ళు. పెళ్ళయి పదిహేనేళ్ళు. పిల్లలు లేరు. లేని లోటు తెలియకుండా వాళ్ళ ఇంటిని నడిపింది కబుర్లే. స్టోర్సుకి వచ్చిన మనుషుల వేషాలన్నీ గవర్రాజు ఇంటికొచ్చి ఆడి చూపించేవాడు. పైడమ్మ పట్టుకున్న దొంగల కథలు అన్నం తింటూ చెప్పేది. వానాకాలం వెళ్ళేసరికి ఆ కబుర్లు తగ్గాయి. చలికాలానికి పూర్తిగా ఆగిపోయాయి.

చెవుడే అయితే పోనీ అనుకునేది. చెవుడు ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదా? వంటింట్లో చెంచా పడితే తల తిప్పుతాడు. పక్కింటి కుక్క మొరిగితే కిటికీ వేస్తాడు. కుక్కరు మూడు కూతలు కూస్తే లేచి వెళ్ళి పొయ్యి ఆర్పేస్తాడు. అదే తను వెనకనుంచి, పప్పులో ఉప్పు చాలిందా అని అడిగితే మాత్రం బొమ్మలా కూర్చుంటాడు. రెండోసారి గట్టిగా అడిగితే, ఆఁ అంటాడు. చాలిందనా, చాలలేదనా? అది చెప్పడు. కుక్క అరుపు వినిపించి పెళ్ళాం మాట వినిపించని చెవి ఏ వైద్యశాస్త్రంలో ఉంటుంది? ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

పక్క క్వార్టరులోని సూర్యకాంతం ఈ మంటలో కాస్త కిరసనాయిలు పోసింది. నలభై దాటిన మగాడు ఇంట్లో మౌనంగా ఉన్నాడంటే బయట ఎక్కడో గలగలా మాట్లాడుతున్నాడనే అర్థమని ఆవిడ సిద్ధాంతం. మర్నాడే పైడమ్మ గవర్రాజు చొక్కా ఉతుకుతూ జేబులో కాగితం ముక్కలు చూసింది. ఒకటి కాదు, అయిదారు. గుండ్రటి ఆడ చేతిరాత, హిందీలో. ఒకదాని మీద ‘ఈరోజు నాలుగింటికే బయల్దేరండి’ అని, ఇంకోదాని మీద ‘చాయ్ వచ్చింది, రండి’ అని ఉన్నాయి. స్టోర్సులో కంప్యూటరు మీద కూర్చునే జయ అనే అమ్మాయి రాత అది. గవర్రాజు ఇంటికి తెచ్చే క్యాంటీను కూపన్ల మీద ఆ రాత పైడమ్మ చాలాసార్లు చూసింది. పక్క కుర్చీలో కూర్చునే మనిషికి నోటితో చెప్పకుండా కాగితం మీద రాయాల్సిన అవసరం ఏమొచ్చింది? పదిమందికీ వినపడకూడదనే కదా!

నిలదీయలేదు. నిలదీస్తే బొంకుతాడు, అది తన వృత్తిలో రోజూ చూసేదే. సాక్ష్యం కావాలనుకుంది.

ఆ సాక్ష్యం కొత్త మిషను రూపంలో తనంత తానే నడిచి వచ్చింది. పరీక్షలు చేయించే ఏజెన్సీవాళ్ళు రాయపూర్ నుంచి ఒక ఇంజనీరుని పంపారు. సెల్‌ఫోనంత మిషను, దానికొక తీగ, తీగ చివర రబ్బరు మొన. ఆ మొన చెవిలో పెడితే చాలు, మనిషి వేలెత్తక్కర్లేదు, అవుననక్కర్లేదు, కాదనక్కర్లేదు. చెవే జవాబు చెబుతుంది.

చెవి ఎలా చెబుతుందని పైడమ్మ అనుమానంగానే అడిగింది. ఇంజనీరు ఓపికగా బొమ్మ గీశాడు. చెవి లోపల నత్తగుల్లలాంటి చుట్ట. అందులో బారులు తీరిన సన్నటి కణాలు, వాటి తలల మీద వెంట్రుకల్లాంటి కుచ్చులు. శబ్దం రాగానే కుచ్చులు ఒరుగుతాయి, కణం లోపలి కరెంటు మారుతుంది. బయటి వరసల్లోని కణాలకి ఒక చిత్రమైన గుణం ఉంది. కరెంటు మారినప్పుడల్లా అవి పొట్టిగా అవుతాయి, పొడుగవుతాయి, సెకనుకి వేలసార్లు. ఒక్క కణాన్ని విడదీసి, గాజు పలక మీద పెట్టి కరెంటు తగిలించినా అలాగే గెంతుతుందట, శాస్త్రవేత్తలు కళ్ళారా చూశారట. ఆ గెంతులాటకి చెవిలోంచే ఒక చిన్న శబ్దం వెనక్కి వస్తుంది. దాన్నే ఈ మిషను పట్టుకుంటుంది. కణాలు చచ్చిపోతే గెంతవు, శబ్దం రాదు. బతికుంటే వద్దన్నా గెంతుతాయి.

పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ మనిషి నోటిని నమ్ముకోవాల్సి వచ్చింది, ఇక అక్కర్లేదు. ఆ సంబరంలో ఉండగానే ఇంజనీరు లోపలి వరస కణాల గురించీ, అక్కణ్ణుంచి మెదడుకి వెళ్ళే నరం గురించీ ఇంకేదో చెప్పాడు. ఆవిడ అప్పటికే రబ్బరు మొనని తన చెవిలో పెట్టుకుని చూసుకుంటోంది. ఆ ముక్క చెవిని పడలేదు.

వచ్చిన ఆదివారం గవర్రాజుని గదికి తీసుకెళ్ళింది. కొత్త మిషను మీద చెయ్యి తిరగాలి, కాస్త కూర్చోండి అని చెప్పింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. ముందు పాత పద్ధతిలో వేలెత్తించింది. ఒకసారి సన్నటి శబ్దానికే ఎత్తాడు. అరగంట తర్వాత అదే శబ్దానికి ఎత్తలేదు, దాన్ని బాగా పెంచితే గానీ కదల్లేదు. అచ్చం దొంగ లక్షణం! స్టీలు గ్లాసు జారవిడిచింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చివరికి రబ్బరు మొన చెవిలో పెట్టింది. కుడి చెవి పాస్, ఎడమ చెవి పాస్. మిషను మీద గీతలు పెళ్ళిపందిరి రాటల్లా నిటారుగా లేచి నిలబడ్డాయి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర ఈ మిషను లేదు.

ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కో మాటా విడివిడిగా అంది.

"మీ సెవులు రెండూ బంగారంలా ఉన్నాయి. నాను అడిగినప్పుడల్లా మీకు ఇనబడతానే ఉంది. ఇంక నా దగ్గర నాటకాలాడకండి."

గవర్రాజు ఆ మిషను వంక చాలాసేపు చూశాడు. నిజంగానా అని అడిగాడు. నిజంగానే, ఇది మనిషి కాదు అబద్ధమాడ్డానికి అంది. కాగితం ముక్కల సంగతి ఆవిడ ఎత్తలేదు. తప్పు చేసినవాడు తనే బయటపడతాడని చూసింది. ఆయన తల దించుకుని చెప్పులేసుకున్నాడు. అది చాలదూ ఒప్పుకోలుకి?

ఆ రోజునుంచి మాటలు బంద్. పొయ్యి మీద కూర, మూత మీద గరిట, ఎవరికి వాళ్ళు వడ్డించుకోవడం. గవర్రాజు ఒక్కోసారి ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడేవాడు, ఏదో అడగబోయినట్టు. ఆవిడ మొహం తిప్పుకునేది. ఆరు వారాలు గడిచాయి. పైడమ్మ బొబ్బిలిలో ఉన్న అక్కకి ఫోను చేసి, వచ్చే నెల పూర్తిగా వచ్చేస్తున్నానని చెప్పేసింది. ఏజెన్సీకి రాజీనామా కూడా రాసి సంచిలో పెట్టుకుంది. ఏడుపు రాలేదా అంటే, రోజూ వచ్చింది. కానీ పదిహేనేళ్ళ కాపురాన్ని మౌనంతో కూలదోస్తున్న మనిషి దగ్గర ఏడవడం చిన్నతనం అనుకుంది.

రాజీనామా ఇంకా సంచిలో ఉండగానే ఉంగ వచ్చాడు. ఉంగది ఉసూర్ అవతలి పల్లె, కోయవాడు, డ్రిల్లు దగ్గర పని. తెలుగు ఊళ్ళ సరిహద్దు మనిషి కావడంతో తెలుగు వచ్చు. మిషను పెడితే అతని చెవుల్లోంచి సగం జవాబే వచ్చింది. కీచు శబ్దాలకి గీతలు లేవలేదు. అక్కడి కణాలు చచ్చిపోయాయి. ఈసారి సరిగా వినబడట్లేదని అతనే ఒప్పుకున్నాడు కనక ఆవిడకి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కాగితం రాస్తూంటే గుమ్మంలో గవర్రాజు కనిపించాడు. ఇంటి తాళం మరిచిపోయాడట. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, బయట బజారు రొద. పైడమ్మ కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే, తాళం కొక్కేనికి ఉంది తీసుకోండి అంది. ఆయన కదల్లేదు. మళ్ళీ అంది. ఆయన కొంచెం వంగి, ఆవిడ మొహం కనబడేలా పక్కకి జరిగాడు. ఆవిడ విసుగ్గా వేలితో చూపించింది. తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఉంగ అదంతా చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, మీ ఆయన నీ మూతి దిక్కు చూస్తుండు," అన్నాడు. "నేను మొదట్ల గుట్ట మీదికి పనికి వచ్చినప్పుడు నాకు హిందీ రాకపోయేది. సార్లు ఏమంటున్నరో తెల్వక వాళ్ళ మూతులు గట్లనే చూసేటోణ్ణి. చప్పుడు వినబడుతది, మాట తెల్వది. మరి ఈయనది ఏంది? నువ్వు మాట్లాడేది ఆయన సొంత తెలుగే గదా!"

పైడమ్మ కలం కింద పెట్టింది.

ఏదో వెటకారం అనుకుని కసురుకోబోయింది. ఉంగ మొహంలో వెటకారం లేదు. ఆవిడకీ తన మొదటి ఏడాది గుర్తొచ్చింది. బచేలీ సంతలో అక్కడివాళ్ళ హల్బీ భాష మాటలు చెవిలో పడేవి, అర్థం మాత్రం పడేది కాదు. కూరలమ్మే ముసలమ్మల పెదాల వంక ఆవిడ కూడా అలాగే చూసేది.

గది తాళం వేసి సరాసరి స్టోర్సుకి నడిచింది. కౌంటరు మీద ఒక పాత డబ్బా, దాన్నిండా కాగితం ముక్కలు. గుండ్రటి రాతొకటే కాదు, వంకర రాతలు, గ్రీజు వేళ్ళ ముద్రలు, ఎన్ని చేతులో. జయ ఆవిడని చూసి నమస్తే పెట్టి, అడగకుండానే చెప్పింది. సార్‌కి హిందీ సరిగా అందట్లేదనుకుని తను వానాకాలంనుంచీ రాసి ఇస్తోందట. డ్రైవర్లూ అదే అలవాటు చేసుకున్నారట. గోండీ వాళ్ళేమో ఆయనకి గోండీ రాదు కదా అనుకుని సైగలు చేస్తారట. హల్బీ వాళ్ళు, ఈ ఆంధ్రావాడికి మన మాట ఇంకా పట్టుబడలేదని నవ్వుకుంటారట. నాలుగు భాషల ఊళ్ళో ఒకడికి మాట అర్థం కాకపోతే అది భాష తప్పే అనుకుంటారు గానీ చెవి గురించి ఎవడాలోచిస్తాడు? ఆలోచించాల్సిన మనిషి ఒక్కతే. చెవుల మీదే తిండి తింటున్న ఆ ఒక్కతీ మొగుడి జేబులు వెతుకుతూ కూర్చుంది.

సిగ్గుతో పైడమ్మ చెవులు కాలిపోయాయి. అయినా అనుమానం అంత తేలిగ్గా చావదు. మిషను పాస్ అంది కదా! రాయపూర్ ఇంజనీరుకి ఫోను చేసింది. అవతలనుంచి అతను కాస్త నొచ్చుకున్నట్టే చెప్పాడు, ఆ రోజే చెప్పాను కదమ్మా అని. మిషను బయటి వరస కణాలు గెంతుతున్నాయా లేదా అన్నదే చెబుతుంది. అక్కణ్ణుంచి మాట మెదడుకి చేరిందో లేదో దానికి తెలియదు. దానికి వేరే పరీక్ష, అది విశాఖపట్నంలో చేస్తారు.

విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ గవర్రాజు నుదుటి మీదా, చెవుల వెనకా తీగలు అతికించి, చెవుల్లోకి టకటకమని శబ్దాలు పంపింది. శబ్దానికి నరం లోపల పుట్టే కరెంటు తెర మీద అలలుగా రావాలి. పైడమ్మ తెర ముందే నిలబడింది. ఒక్క అల లేవలేదు. గీత నేలమీద నీళ్ళలా చదునుగా పోతూనే ఉంది.

డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పింది. బయటి కణాలు శుభ్రంగా పనిచేస్తున్నాయి, అందుకే ఆ మిషను పాస్ అంది. లోపలి కణాలనుంచి నరానికి కబురు అందే చోట తేడా వచ్చింది. శబ్దం వెళ్తోంది గానీ ముక్కలై, వరస తప్పి వెళ్తోంది, కనక తెర మీద అల కట్టలేదు. అందుకే చెంచా చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు, గంటగంటకీ మారుతుంది. నిశ్శబ్దంగా ఉన్నచోట, ఎదురుగా మొహం చూస్తూ మాట్లాడితే చాలావరకు అందుతుంది. ఎందుకొచ్చిందో ఇప్పుడే చెప్పలేనంది. నరానికే నేరుగా కరెంటు అందించే పరికరం ఒకటుంది, అది పనికొస్తుందో లేదో ఇంకో మూడు నెలల్లో చూద్దామంది.

మర్నాడు పొద్దున బచేలీ మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజరు ఎక్కారు. బండి కదిలిందగ్గర్నుంచీ మాట్లాడాలని పైడమ్మ ప్రాణం కొట్టుకుంటోంది. ఏం మాట్లాడుతుంది, ఆ చక్రాల మోతలో? సొరంగాలు ఒకదాని వెనక ఒకటి. ఆయన కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాడు. అరకు దాటాక ఎక్కడో చిన్న స్టేషనులో, ఎదురుగా ఖనిజం బండి వస్తోందని వీళ్ళ బండిని పక్క లైనులో నిలిపేశారు. మోత ఆగిపోయింది. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. పైడమ్మ ఆయన పక్కనుంచి లేచి ఎదుటి సీటులోకి మారింది.

"అంత అగచాటు పడతా, నాకు మాట తెలీట్లేదని ఒక్కసారైనా సెప్పలేదేటి?" అని అడిగింది. గొంతులో కోపమే ఉంది, ఎవరి మీదో ఆవిడకే తెలియదు.

గవర్రాజు ఆవిడ పెదాలు చూసి చెప్పాడు.

"సెప్పుదారనే అనుకున్నాను. ఈలోగా నీ మిషను నా సెవులు బాగున్నాయని సెప్పింది గదా. నువ్వు సెప్పావు, మిషను సెప్పింది. మరి తప్పు నాలోనే ఉండాల. నీ మాట నాకు తెలీట్లేదంటే, నీ మాట ఇనాలని నాకే లేదేమో అనుకున్నాను. నీ మీద కోపమో, విసుగో, నాకే తెలీకుండా లోపలెక్కడో దాక్కునుందేమోనని ఆ ఆరు వారాలూ ఎతుక్కున్నాను పైడీ. ఎంత ఎతికినా దొరకలేదు."

లోకంలో అందరూ అబద్ధాలకోరులని పన్నెండేళ్ళు తీర్పులిచ్చిన మనిషి సాక్ష్యం వెతికింది ఆయన మీద. ఆయనా సాక్ష్యం వెతుక్కున్నాడు, తన మీదే తను. పైడమ్మ రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుని, తన మొహానికి ఎదురుగా తిప్పుకుంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి అడ్డమొస్తే ఆయనకి పెదాలు కనిపించవని.

"తప్పు నాది," అంది. "నాను నమ్మలేదు."

దూరంగా ఖనిజం బండి కూత వినిపించింది. గవర్రాజు అలా చూస్తూనే ఉన్నాడు.

"మళ్ళీ సెప్పు," అన్నాడు.

వినపడక అడిగాడో, వినాలని అడిగాడో ఆవిడ ఆలోచించలేదు. మళ్ళీ చెప్పింది.